కొండ కనపడే పక్క

పద్దెనిమిదేళ్లుగా తిరుపతిలో, రైల్వే స్టేషను ఎదురు సందులో, టికెట్లు తీసిచ్చే అంగడి నడుపుతున్నాను. బస్సు, రైలు, విమానం, ఏదైనా సరే. నా చేతి మీదుగా వేలమంది కిటికీ పక్కన కూర్చుని ఊళ్లు దాటిపోయారు. వాళ్లలో ఒక్కరికి మాత్రం సీటు తప్పుగా తీశాను. ఆ ఒక్కరూ మా అమ్మ.

బస్సుల్లో, రైళ్లలో నేను చేసేదేం ఉండదు. నా పిచ్చంతా విమానాల మీద. నిరుటి దాకా నేను విమానం ఎక్కిందీ లేదు, దిగిందీ లేదు. అయినా రేణిగుంటలో లేచే విమానంలో ఏ పక్క కూర్చుంటే తిరుమల కొండ కనపడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. పోయి వచ్చినవాళ్లను అంగట్లో కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఏం కనపడింది, ఎంతసేపు కనపడింది, ఎండ కంట్లో కొట్టిందా అని గుచ్చి గుచ్చి అడిగి నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ‘విమానమెక్కని పైలట్టు’ అని నా భార్య హేమశ్రీ ఎగతాళి చేసేది. చేస్తే చేసింది. ఒక మంచి కిటికీ సీటు కోసం నన్ను వెతుక్కుంటూ చిత్తూరు నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్లు.

కిటుకంతా గాలిలో ఉంది. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా మొహం పెట్టి లేస్తుంది. ఎండాకాలం చివర పడమటి గాలి తిరుగుతుంది కాబట్టి అప్పుడు హైదరాబాదు విమానం పడమరకు లేచి, కుడికి మళ్లి, దారిన పడుతుంది. కొండ కుడి పక్క. కార్తీక మాసం వచ్చేసరికి గాలి మారుతుంది, విమానం తూర్పుకు లేస్తుంది, కొండ ఎడమ పక్కకు వచ్చేస్తుంది. పొద్దున విమానమైతే ఎండ కొండ మొహాన పడి రాళ్ల ఎరుపు కూడా తెలుస్తుంది. సాయంత్రమైతే నల్లటి గోడ, అంతే. ఇంత తెలిసినవాణ్ణని నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వం గురించి ఇప్పుడు మాట్లాడాలంటేనే సిగ్గు వేస్తుంది.

నిరుడు మామిడి విరగకాసింది. పూతలపట్టులో ఉండే మా మేనమామ ఒక గంపెడు బేనీషా కాయలు బస్సులో వేసి పంపించాడు. మా అమ్మ పంకజాక్షి గంప ముందు కూర్చుని పండినవి ఒక పక్క, పండాల్సినవి ఒక పక్క పెడుతోంది. ఒక కాయ దొర్లి ఆమె మోకాలి పక్కకు పోయింది. అమ్మ గంపంతా తిరగేస్తోంది.

“ఇంగొకటి ఉండాల గదే హేమా, యాడికి పోయింది?” అంది.

కాయ ఆమె చేతికి జానెడు దూరంలో ఉంది. మేం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. రెండు రోజులకు వంటింటి గుమ్మానికి భుజం కొట్టుకుంది. ఆ వారంలోనే పక్క నుంచి వచ్చిన ఆటోను చూడకుండా రోడ్డు మీదికి అడుగు వేసింది. నాయన చెయ్యి పట్టి లాగాడు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత ఎవరమూ నవ్వలేదు.

తలకు స్కానింగు తీశారు. రెండు కండ్ల నరాలు కలిసేచోట రేగుపండంత గడ్డ ఉందన్నారు. డాక్టరు తన రెండు చేతులూ అమ్మకు అటూ ఇటూ పెట్టి వేళ్లు ఆడించాడు. ఆమెకు ఒక్క వేలూ కనపడలేదు. ఎదురుగా ఉన్న ఆయన మొహం మాత్రం కనపడుతోంది.

“తలుపు సందులోంచి సూసినట్టుండాది సారూ,” అంది అమ్మ, ఏదో తన తప్పు ఒప్పుకున్నట్టు.

గడ్డ తీసేయకపోతే ప్రాణానికి ముప్పని, హైదరాబాదులో అయితే తీస్తారని, నెల దాటనివ్వొద్దని ఆయన చెప్పాడు. చూపు సంగతి అడిగాను. “నిలిస్తే నిలవొచ్చు. పోయేందుకే ఎక్కువ అవకాశం. మీకు అబద్ధం చెప్పలేను,” అన్నాడు. విమానంలో తీసుకుపోవచ్చా అని నాయన అడిగితే ఏం ఇబ్బంది లేదన్నాడు. మేం లేచాక అమ్మను ఆపి, మెల్లగా, “ఈ మూడు నాలుగు వారాల్లో ఏమేం చూడాలనుందో అన్నీ చూసుకోండమ్మా,” అన్నాడు. ఆయన మంచితనంతో అన్న మాటే. నాయన మాత్రం ఆ మాటకు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

మా నాయన కుప్పుస్వామి ముప్పై రెండేళ్లు ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపిన మనిషి. ఎన్ని వంపులున్నా ఆయన చెయ్యి వణకలేదని డిపోలో చెప్పుకునేవాళ్లు. రెండేళ్ల కింద గుండెకు స్టెంటు వేసినప్పుడు కూడా ఆయన ధైర్యంగానే ఉన్నాడు. ఆ రోజు మాత్రం ఆటోలో ఇంటికి వస్తూ దారి పొడుగునా అమ్మ చెయ్యి వదల్లేదు.

సాయంత్రం అమ్మ మిద్దె మీదికి వచ్చింది. మా మిద్దె మీద నుంచి కొండ కనపడుతుంది. తిరుపతిలో ఎవరి మిద్దె మీద నుంచైనా కనపడుతుంది, దాన్ని ఎవరూ పనిగట్టుకుని చూడరు. అమ్మ మాత్రం తల కొంచెం కొంచెంగా తిప్పుతూ, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ముక్కలు ముక్కలుగా చూస్తోంది.

“ప్రసాదూ, విమానంలో పోతే కొండ బాగా కనపడతాదని అందరికీ సెప్తావే, నిజమేనా?” అని అడిగింది.

“నిజమేమా. దూరం జరిగి సూసినట్టు మొత్తం ఒక్కసారే కనపడతాదంట.”

“మొత్తమా?”

“మొత్తం.”

“ముప్పై ఏండ్ల పైన మీ నాయన బస్సులో ఎక్కతా దిగతా ఉండాను. లోపల తిరిగిందే గానీ మొత్తంగా సూసింది లేదు. ఒక్కసారి సూడాలని ఉండాది రా.”

మా అమ్మ నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు. చీర తెస్తే ఎందుకంటుంది, మందులు తెస్తే అప్పుడేనా అంటుంది. అందుకని నాకు ఒళ్లంతా సంతోషమే. ఇది నాకు వచ్చిన విద్య కదా. అమ్మ అడిగింది సరిగ్గా నేను చేయగలిగిందే కదా.

నాయన కలగజేసుకున్నాడు. “స్వామి కొండను పైనుంచి సూసేది పాపమే.”

“పైనుంచి కాదు నాయనా, పక్క నుంచి.”

“పక్క నుంచైతే పాపం లేదులే,” అంది అమ్మ. “ఆయన మాత్రం ఇన్నేండ్లుగా మనల్ని పైనుంచి సూస్తా లేడా?”

నాయన నవ్వాడు. ఆ నెలలో ఆయన నవ్వింది ఆ ఒక్కసారే.

మర్నాడు అమ్మ నా అంగడికే వచ్చింది, సీటు తీసేటప్పుడు దగ్గరుండాలని. స్టూలు జరిపి నా పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటరులో సీట్ల బొమ్మ చూపించాను. చిన్న ఫ్యాన్ల విమానం అది. నడవకు ఎడమ పక్క రెండు, కుడి పక్క రెండు సీట్లు. పాఠం చెప్పే అయ్యవారిలా చెప్పుకుపోయాను. ఈ విమానానికి రెక్కలు పైన ఉంటాయి కాబట్టి కిందికి అడ్డం ఉండదని, అయినా ఫ్యానుకు తిన్నగా ఉండే వరస వద్దని, మరీ వెనకైతే కిటికీ మన భుజానికి వెనగ్గా పోతుందని, పదో వరస అయితే అన్ని విధాలా బాగుంటుందని. జూన్ నెలాఖరు కాబట్టి పడమటి గాలి. పొద్దున విమానం. కుడి పక్క కిటికీ. అది అమ్మకు, దాని పక్కది నాయనకు.

అమ్మ తెరకు బాగా దగ్గరగా వంగి చూసింది. “ఇది కిటికీనా? దీని పక్కన మీ నాయనా?”

“అవునమ్మా.”

“ఎడమ పక్క తీస్తే కనపడదా?”

“ఎడమ పక్క ఏముంటాదమ్మా, రేణిగుంట స్టేషను, రెండు చెరువులు, చేలు. కొండ ఉండేది కుడి పక్క.”

“ఆ పక్క కిటికీలో ఏం కనపడదా?”

నవ్వాను. “ఇంతమందికి సీట్లు తీసినోణ్ణి, నీకు తప్పు తీస్తానా? నువ్వు ఊరికే ఉండు.”

“అదీ నిజమేలే. నీకు తెలిసినంత నాకేం తెలుసు,” అంది అమ్మ. ఆమె మొహం చూడలేదు నేను. నా కన్ను తెర మీదే ఉంది. బటన్ నొక్కేశాను.

ఆసుపత్రిలో చేర్చుకునే కాగితాలు, గది, ఇవన్నీ ముందుగా చూసుకోవాలని నేను ఒక రోజు ముందే రైల్లో హైదరాబాదు పోయాను. అమ్మానాయన ఎక్కే పొద్దున హేమశ్రీ వాళ్లను రేణిగుంటలో దించింది. ఆసుపత్రి వరండాలో నిలబడి ఆమెకు ఎన్నిసార్లు ఫోన్ చేశానో నాకే లెక్కలేదు.

“కొండ మీద మబ్బుందా?”

“లేదబ్బా, తేటగా ఉండాది.”

“గాలి ఎటుండాది? ఆడ జెండా ఏమన్నా ఉంటే సూడు.”

“పడమర నుంచే. నువ్వు కొంచేపు ఊరుకుంటావా?” అని, తర్వాత గొంతు తగ్గించి చెప్పింది, “అత్త కొత్త చీర కట్టుకోనుండాది. నాకు కొండ కనిపిస్తాదంట హేమా అని లోపలికి పోయేదాకా సెప్తానే ఉండింది. మామే బిగుసుకుపోయినాడు. స్టీరింగు ఎవరి చేతిలో ఉంటాదో తెలియకుండా ఎట్ల కూసోవాల అంటాడు.”

విమానం లేచే టైముకు నేను కండ్లు మూసుకున్నాను. గాలి, ఎండ, మబ్బు, వరస, అన్నీ కుదిరాయి. ఇప్పుడు చూస్తూ ఉంటుంది, ఇప్పుడు మళ్లి ఉంటుంది, ఇప్పుడు మొత్తం కనపడుతూ ఉంటుంది అని మనసులోనే ఆమె పక్కన కూర్చున్నాను.

మధ్యాహ్నానికి వాళ్లు ఆసుపత్రికి వచ్చారు. అమ్మను మంచం మీద కూర్చోబెట్టీ పెట్టకముందే అడిగాను.

“కనపడిందామ్మా?”

అమ్మ నా వైపు తిరిగి, నా మొహం తన చూపులోకి వచ్చేదాకా తల సర్దుకుని, నవ్వింది. “సూసినాను నాయనా. మొత్తం సూసినాను.”

“ఎట్లుండె?”

“పచ్చగా... ఈ చివర నుంచి ఆ చివరకు. ఎండ పడి రాళ్లు ఎర్రగా ఉండె, నువ్వు సెప్పినట్టే. గోపురం గూడా తళుక్కుమనింది. నిండా బాగుండాది రా. ఇంగ నాకేం దిగులు లేదు.”

ఆ దారిలో గోపురం కనపడదు. నా నోటుబుక్కులో ఇన్నేళ్లలో ఒక్కరు కూడా గోపురం చూశామని చెప్పలేదు. భక్తి కదా, కనపడినట్టు అనిపించి ఉంటుందిలే అనుకున్నాను. నాయన మాత్రం నీళ్ల సీసా తీసుకుని బయటికి పోయాడు. సీసా నిండుగానే ఉండింది. అది కూడా చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు, అంత సంబరంలో ఉన్నాను.

రెండో రోజు ఆపరేషన్ చేశారు. గడ్డ మొత్తం తీసేశామని, ప్రాణానికి భయం లేదని చెప్పారు. కండ్లకు కట్టు ఏమీ లేదు. మూడో రోజు పొద్దున అమ్మ కండ్లు తెరుచుకుని పడుకుని ఉంది. నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

“ప్రసాదూ, ఏం రంగు చొక్కా ఏసుకున్నావు?” అని అడిగింది.

“నీలం రంగుదమ్మా.”

“అట్లనా,” అంది.

అంతే. ఏడవలేదు, మమ్మల్ని ఏడవనివ్వలేదు. డాక్టరు వచ్చి టార్చి లైటు వేసి చూసి, ఇంకొన్నాళ్లు పోతే తప్ప చెప్పలేమన్నాడు. ఆ కొన్నాళ్లు పోయాయి. చూపు రాలేదు.

మధ్యలో నేను పది రోజులు తిరుపతికి వచ్చి అంగడి తెరిచాను. ఏడుపు వచ్చినప్పుడల్లా నన్ను నిలబెట్టింది ఒకే ఒక్క మాట. అమ్మ కొండను చూసే పోయింది లోపలికి. చూడాల్సింది చూసింది, చూపించింది నేను. ఆ మాట నాకు నేను చెప్పుకుంటే చాలలేదు, అంగడికి వచ్చినవాళ్లకంతా చెప్పాను. “మా అమ్మకు నేనే తీసిచ్చినాను సార్, పదో వరస, కుడి పక్క కిటికీ. కండ్లు పోయే ముందు ఆమె సూసిన చివరి అందం అదే,” అని చెప్పి, వాళ్లకూ అదే పక్క తీసిచ్చాను. ఒకామె కండ్లు తుడుచుకుంది. నాకు కొంచెం బరువు దిగినట్టుండేది.

జూలై నెలాఖరులో అమ్మను ఇంటికి పంపించారు. ఇద్దరు మనుషులు ఆమెకు తోడు ఉండాలి కాబట్టి ఈసారి నేనూ వాళ్లతో విమానం ఎక్కాను. నా జీవితంలో మొదటిసారి. ఆ టికెట్లు తీసేటప్పుడు సీట్ల బొమ్మ తెరిచానే గానీ ఏమీ ఆలోచించలేదు. చూపే లేనప్పుడు ఏ పక్కయితే ఏముంది అనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను. నడవలో పోయేవాళ్లు తగలకుండా ఉంటుందని అమ్మకు కిటికీ ఇచ్చాను, పక్కన నాయన. ఎడమ పక్క ఖాళీ ఉంటే ఎడమ పక్క. నాకు అదే వరసలో కుడి పక్క కిటికీ దొరికింది.

నేను ముందు, నాయన వెనక, మధ్యలో అమ్మ నల్లద్దాలు పెట్టుకుని సీట్ల వీపులు తడుముకుంటూ వచ్చింది. మా వరస దగ్గర ఆగాం.

“కిటికీ ఏ పక్క ఉండాది?” అని అడిగింది.

“ఎడమ పక్కమ్మా.”

“అయితే నేనే లోపల,” అని, ఎవరి సాయం లేకుండా వంగి లోపలికి జరిగి కూర్చుంది. చేత్తో అద్దాన్ని తాకి చూసింది. నాయన పక్కన కూర్చోగానే ఆయన ముంజేయి మీద చెయ్యి వేసి, “ఇప్పుడు కుదిరింది సూడు పక్క. పోయేటప్పుడే ఇట్లా...” అని ఆగిపోయింది.

నేను నిలబడే ఉన్నాను. “పోయేటప్పుడు ఏమయింది?”

అమ్మ అద్దం వైపు తిరిగింది. నాయన బెల్టు కొక్కెం అటూ ఇటూ తిప్పుతున్నాడు. వెనక మనుషులు దారి అడుగుతున్నారు. నేను నా సీట్లోకి జరిగాను. మా ఇద్దరి మధ్య నడవ, నా పక్క సీటు ఖాళీ. మళ్లీ అడిగాను.

“పోయేటప్పుడు కిటికీ కాడ కూసున్నది నేను,” అన్నాడు నాయన, నా వైపు చూడకుండా. “వద్దే అంటే వినలేదు. ఆపరేషన్‌కి పోతా మొగుడికి కుడి పక్క కూసోమంటావా నన్ను అనింది. తాళి కట్టకముందు కుడి పక్క, కట్టినాక ఎడమ పక్క, ఇప్పుడు మళ్లా కుడి పక్కకు పోతే తాళి తీసేసినట్టే గదా అనింది. నీ గుండెలో ఆ తీగ పెట్టుకోనుండావు, నీకేమన్నా అయితే నేను కండ్లుండి ఏం సూడాల అనింది.”

“మరి నువ్వైనా సూసి ఆమెకు సెప్పుంటే...”

“నేనేం సూసినాను రా? లేస్తానే కండ్లు మూసుకున్నాను. ఆ అద్దానికి తల ఆనించి గోవిందా గోవిందా అనుకుంటా ఉండాను. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకోనుండాను. కండ్లు తెరిచేసరికి అంతా మబ్బులే.” ఆయన అరచేత్తో నుదురు రుద్దుకున్నాడు. “నా తలకాయే అడ్డం, ప్రసాదూ. ఆమెకు నా తలకాయ తప్ప ఇంకేం కనిపించలేదు. జరగమని గూడా అడగలేదు.”

అప్పటికి గానీ నాకు తట్టలేదు. మా ఇంట్లో గోడ మీద ఉన్న పెళ్లి ఫోటోలో అమ్మ ఎడమ పక్క. ఇల్లు కట్టినప్పుడు పీటల మీద ఎడమ పక్క. నాయన బస్సులో, డ్రైవరుకు ఎడమ వైపున్న ముందు సీటు ఆమెది. ఆసుపత్రి బల్ల మీద కూడా నాయన వచ్చి కూర్చుంటే లేచి ఆ పక్కకు మారి కూర్చునేది. నలభై ఏళ్లుగా నా కండ్ల ముందు ఉన్న సంగతి. గాలి ఎటు నుంచి వస్తుందో చూశాను, ఎండ ఎటు పడుతుందో చూశాను, ఫ్యాను ఎక్కడుందో చూశాను. మా అమ్మ ఎక్కడ కూర్చుంటుందో చూడలేదు. అంగట్లో నా పక్కనే కూర్చుని రెండుసార్లు అడిగింది, ఎడమ పక్క తీస్తే కనపడదా అని. ఊరికే ఉండమన్నాను. అదే కార్తీకంలో అయితే కొండా ఎడమ పక్కే ఉండేది, ఆమే ఎడమ పక్క ఉండేది, ఏ పేచీ లేకుండా చూసేది. కార్తీకం దాకా ఆమె కండ్లు ఆగలేదు.

“అమ్మా, నాతో సూసినానన్నావే?”

అమ్మ మొహం నా గొంతు వైపు తిప్పింది. “నువ్వు ఎంత ఆశగా అడిగినావు రా. గాలి, ఎండ అన్నీ సూసుకోని తీసిన సీటు. లేదని ఎట్ల సెప్పేది? ఎట్లా నా కండ్లు పోతాండాయి. నీ సంబరం గూడా తీసేయాల్నా?”

“ఒక్క మాట సెప్పుంటే ఎడమ పక్కే తీసేవాణ్ణి గదమ్మా.”

“ఎడమ పక్క కొండ కనపడదంటివి గదా నువ్వు,” అంది అమ్మ. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. నేను చెప్పింది నాకు గుర్తు చేసింది, అంతే.

విమానం లేచింది. మొదటిసారి విమానమెక్కిన మనిషి ఏమేం చూస్తాడో నేను అవేవీ చూడలేదు. తల వంచుకుని ఏడ్చాను. పక్కన ఎవరూ లేరు కాబట్టి ఆపుకోలేదు. కొండ లేకపోతే పోయింది, చెరువులైనా చూసేది కదా, చేలైనా చూసేది కదా, ఎడమ పక్క ఇచ్చి ఉంటే ఒక కిటికీ అయినా ఆమెది అయ్యేది కదా అని అదే మాట మనసులో తిరుగుతోంది. నాయన బాగా నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఈసారి కండ్లు మూసుకోలేదు. అమ్మ కిటికీకి ఆనుకుని ఉంది. ఆమె చెంప మీద ఎండ పడుతోంది. వెచ్చగా ఉండాది అని నాయనతో చెప్పడం వినపడింది.

బెల్టులు పెట్టుకోమన్నారు. విమానం తూర్పు దిక్కున ఒక తిరుగుడు తిరిగి పడమరకు మొహం పెట్టింది. ఇంకా అదే గాలి. కుడి పక్క, నా కిటికీ నిండా, కొండ వచ్చేసింది.

పద్దెనిమిదేళ్లు జనం నోట విని రాసుకున్నది అది. వాళ్లెవరూ సరిగ్గా చెప్పలేదు. ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కటే మనిషి ఒత్తిగిలి పడుకున్నట్టు ఉంది. ఎర్రటి రాతి అంచులు, వాటి మీద వానకు కడిగిన పచ్చదనం, మధ్యలో ఘాట్ రోడ్డు తెల్లటి గీతలా తెగి తెగి కనపడుతోంది. గోపురం లేదు. అంత అందాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. చూస్తున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

“కొండ వచ్చిందా ప్రసాదూ?” అమ్మ అడిగింది. తన కిటికీ వైపు తిరిగి, అద్దానికి ఎదురుగా అప్పటికే రెండు చేతులూ జోడించింది. ఆ పక్క కింద చేలు, ఒక చెరువు, రైలు పట్టాలు ఉన్నాయి.

అవునమ్మా అదే అని ఊరుకుందామా అనుకున్నాను. నోరు రాలేదు. మా ఇంట్లో అప్పటికే ఒకసారి ఆ అబద్ధం చెప్పడం అయింది.

“వచ్చిందమ్మా. ఆ పక్క కాదు. ఈ పక్క, నేనుండే పక్క.”

అమ్మ చేతులు దించకుండానే మెల్లగా ఇటు తిరిగింది. ఆమెకు ఎదురుగా నాయన, నాయనకు అవతల నడవ, ఖాళీ సీటు, నేను, నా కిటికీ, కొండ. నేను వెనక్కి జరిగాను. నాయన ఆమె మొహం వైపు చూశాడు, తర్వాత నా కిటికీ వైపు చూశాడు. చూసి, భుజాలు ముడుచుకుని, గడ్డం పైకెత్తి, తలను సీటుకు అదిమిపెట్టి, ఆమెకు అడ్డం రాకుండా ఒదిగిపోయాడు. చక్రాలు నేలకు తగిలేదాకా ఆ తల కదల్చలేదు.